ఎడంచేతి మెలిక

పోయినవారం మనం ఎడంచేతి మేడమ్‌ను ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? విడిభాగాల తనిఖీ గదిలో, బల్ల ముందు, చేతిలో గేర్‌బాక్స్ మూతతో నిలబడి ఉంది. విదేశీ దళారి పంపిన, హెలికాప్టర్ తోక రెక్కలను తిప్పే గేర్‌బాక్స్ అది. నూనె కాగితం చుట్టుకుని, సీసం సీలు వేయించుకుని, సరికొత్తదని చెప్పే సర్టిఫికెట్‌తో సహా కర్రపెట్టెలో దిగింది. సీలున్న సరుకును విప్పితే గ్యారంటీ పోతుంది. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు, తనిఖీ విభాగానికి పెద్దదిక్కుగా ఆ రూలు అందరికీ వల్లెవేయించేది ఆవిడే. కానీ ఇరుసును చేత్తో తిప్పి చూస్తే అది కొత్తదానిలా బిగువుగా లేదు. తేలిగ్గా, అలవాటుగా తిరిగింది. అంతే, ఇక ఎవరు చెప్పినా వినలేదు. సీలు తెంపింది, మూత ఎత్తింది, లోపల బోల్టులకు చుట్టిన తీగ చూసింది. ఆ తీగ మెలిక తన చేతిది.

కథ కొత్తగా అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ స్థావరంలో ఉన్నవి దాడి హెలికాప్టర్లు. ముందు సీట్లో ఫిరంగి చూసుకునేవాడు, వెనక కాస్త ఎత్తులో పైలట్, పక్కలకు కురచ రెక్కలు, వాటి కింద రాకెట్లు. చూడ్డానికి ఎప్పుడూ మొహం చిట్లించుకునే మేనత్తలా ఉంటాయి గానీ, కొండలోయల్లో వాటికి ఎదురులేదు. తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసింది. అప్పట్నుంచి విడిభాగాల కోసం వీళ్ళు పడని పాట్లు లేవు. కొన్ని దళారుల దగ్గర కొంటారు, కొన్ని సొంత వర్క్‌షాపులో చేసుకుంటారు, రెండూ కుదరకపోతే అమ్మమ్మ దగ్గరికి వెళ్తారు.

అమ్మమ్మ అంటే ఈ స్థావరానికి మొట్టమొదట వచ్చిన హెలికాప్టరు. ఇప్పుడు ఎగరదు. పెద్ద షెడ్డు చివర నిలబడి అడిగినవాళ్ళకు అడిగింది ఇస్తుంది. తన ఒంటి మీది వస్తువులతో తక్కినవాటిని ఎగరేస్తూ ఉంటుంది. దాన్నుంచి ఏ భాగం తీయాలన్నా మెకానిక్ ముందు దాని ముక్కు మీద చెయ్యి వేసి, "తీసుకెళ్తున్నా అమ్మమ్మా" అని చెప్పాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అయినా చెప్పకుండా తీసినవాడు ఇంతవరకూ లేడు, మూడేసి డిగ్రీలున్న ఇంజినీర్లతో సహా.

ఇక ఆ తీగ సంగతి. హెలికాప్టరు అదురుకు ఎంత బిగించిన బోల్టయినా కొన్నాళ్ళకు వదులవుతుంది. అందుకని బోల్టు తలలకు బెజ్జాలు పెట్టి, రెండేసి బోల్టులను సన్నటి ఉక్కు తీగతో జతకట్టి, ఒకటి వదులవ్వబోతే రెండోది బిగిసేలా మెలితిప్పుతారు. లాకింగ్ వైరు అంటారు దాన్ని. ఇరుకు చోట పనిముట్టు దూరదు, వేళ్ళతోనే తిప్పాలి. అందుకే ఎవరి కట్టు వాళ్ళది, చేతిరాత లాగా. అందరి మెలికా కుడివైపుకు పోతుంది, ఆవిడది మాత్రం ఎడమవైపుకు. పని నేర్పిన గురువు మొదట్లో మొహం ముడుచుకున్నా, లాగి చూసి, పట్టు బాగుంది, చెయ్యి మార్చొద్దన్నాడు. ఆ పేరు అలా పడింది. ఎవరైనా వెనకాల ఎడంచేతి మేడమ్ అంటే ఆవిడ వినబడనట్టు ఊరుకుంటుంది గానీ, లోపల్లోపల మురిసిపోతుంది.

పని నేర్చుకునే రోజుల్లో ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల మీద పాత బోల్టులు పెట్టుకుని సాధన చేసేది. తమ్ముడు పక్కనే కూర్చుని తనూ ఒక తీగముక్క లాక్కునేవాడు. వాడిది కుడిచెయ్యి. అయినా అక్కను చూసి చూసి మెలిక ఎడమకే తిప్పేవాడు. అన్నీ బాగానే చేసేవాడు, కొస మాత్రం లోపలికి మడిచేవాడు కాదు. బల్ల తుడిచేటప్పుడు అమ్మ వేలికి అది గుచ్చుకోవడం, కొస మడవరా అని అక్క కసరడం, వాడు పళ్ళికిలించడం ఆ ఇంట్లో రోజూ ఉండే తంతు. తర్వాత వాడు పైలట్ అయ్యాడు. తీగల గొడవ అక్కకే వదిలేశాడు.

పదకొండేళ్ళ కిందట ఆ తమ్ముడు ఒక హెలికాప్టర్‌ను సరిహద్దు కొండల మీది స్థావరానికి చేర్చడానికి వెళ్ళాడు. యుద్ధం పని కాదు కాబట్టి ముందు సీటు ఖాళీ. దారిలో మబ్బు కమ్మేసింది. వెనక రెండో హెలికాప్టర్లో వస్తున్న స్నేహితుడికి వాడు కనిపించకుండా పోయాడు. కాసేపటికి మబ్బుకింద పొగ లేచింది. అది అవతలి గడ్డ. వెళ్ళి చూసే వీలు లేదు.

విచారణలో పెద్దలు ఆవిడను అడిగారు: నువ్వు బిగించిన తోక గేర్‌బాక్స్ విరిగి ఉండొచ్చా? ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, నా పని విరగదు అంది. నమ్మారు. పని మంచిదైతే ఇక మిగిలింది పైలటే. పైలట్ పొరపాటు, కొండను గుద్దుకుని కాలిపోయాడు అని తేల్చి చేతులు దులుపుకున్నారు. తన పని నిలబడినందుకు తమ్ముడి పేరు పడిపోయింది. విధి నిర్వహణలో పోయినవాళ్ళ ఫోటోలు వరండా గోడ మీద వరుసగా ఉంటాయి. పొరపాటు చేసినవాడికి ఆ గోడ మీద చోటు లేదు. అందుకే ఆవిడ ఇన్నేళ్ళూ క్యాంటీన్‌కు వరండా మీదుగా కాకుండా చుట్టూ తిరిగి వెళ్తుంది.

సరే, ఇప్పుడు కథలోకి వద్దాం.

సీలు తెగిందన్న కబురు ఎవరు మోశారో గానీ, కమాండర్ తనిఖీ గదిలోకి వస్తూనే ఒంటికాలి మీద లేచాడు. మూడు హెలికాప్టర్లు విడిభాగాల్లేక నేల మీద కూలబడి ఉన్నాయన్నాడు. ఈ పెట్టె కోసం తను ఎన్ని కాళ్ళు పట్టుకున్నాడో ఎవరికైనా తెలుసా అన్నాడు. విప్పిన సరుకును దళారి ఇక వెనక్కి తీసుకుంటాడా అన్నాడు. ప్రతి మాట చివరా 'మేడమ్' అని ఒత్తి పలికాడు. ఆవిడ మధ్యలో అడ్డుపడలేదు. గదిలో ఉన్న ఇద్దరు మెకానిక్‌లనూ టీ తాగి రమ్మని పంపించి, తలుపు మూసి వచ్చింది.

"అయిందా?"

"అవలేదు."

"అయితే కానివ్వండి. ఆగుతా."

ఆయనకు కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వాక కోపం నిలబెట్టుకోవడం కష్టం. అప్పుడు ఆవిడ మొహం సరిగా చూశాడు. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండోసారి వడ్డించమని అడిగినవాడే ఈ కమాండర్. తమ్ముడి స్నేహితుడు. ఆ రోజు వెనక హెలికాప్టర్లో ఉన్నవాడు కూడా ఈయనే. ఆ తర్వాత మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళలేదు. ఎదురుపడితే అక్కా అనడం మానేసి మేడమ్ అనడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు, గొంతు తగ్గించి.

"లోపలి కట్టు నాది."

ఆయన వంగి చూశాడు. ఇరుసు చుట్టూ బేరింగ్‌ను పట్టి ఉంచే గుండ్రటి పలక, దానికి ఆరు బోల్టులు, అంటే మూడు జతలు. పైన కనిపించే రెండు జతలకూ ఉక్కు తీగ ఎడమకు మెలిపడి ఉంది. మూడో జత గేరు చక్రం కింద, నల్లటి గ్రీజులో కూరుకుపోయి ఉంది. ఆయన చూసి చూసి పెదవి విరిచాడు.

"ప్రపంచంలో ఎడంచేతి మనిషి మీరొక్కరేనా?"

న్యాయమైన ప్రశ్నే. ఆవిడ బోల్టులు బిగించిన సాధన పలక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది, తీగ తుంచింది, ఆయన చూస్తుండగా ఒక జత కట్టింది. పదకొండేళ్ళలో కళ్ళకు అద్దాలు వచ్చాయి, వేళ్ళ కణుపులు కాస్త ముదిరాయి, చెయ్యి మాత్రం ఎక్కడా తడబడలేదు. రెండు కట్లనూ పక్కపక్కన పెట్టి భూతద్దం ఆయన చేతికిచ్చింది.

ఆయనేమీ తెలియనివాడు కాదు. ఎగిరే ముందు ప్రతిసారీ బయటి తీగలన్నీ వేలితో తడిమి చూసుకునే పైలట్. చాలాసేపు చూశాడు. రెండో బోల్టు బెజ్జంలోకి పోయేముందు తీగ ఒక అరచుట్టు వెనక్కి తిరిగి, బోల్టు తలకు అణిగి కూర్చుంది. కొత్త కట్టులోనూ అంతే, పాత కట్టులోనూ అంతే. ఆవిడ చెప్పకముందే ఆయనే దాన్ని వేలితో చూపించాడు.

"సరే. మనదే," అన్నాడు. "మన స్టోర్‌లోంచి ఎవడో దాటించి, రంగేసి, తిప్పి మనకే అమ్మాడు. వాడి అంతు నేను చూస్తా."

"స్టోర్‌లోంచి పోలేదు. నాతో రా."

మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరూ గమనించారు.

పెద్ద షెడ్డు చివర అమ్మమ్మ ఉన్నచోటే ఉంది. తలుపులోంచి పడే ఎండ దాని ముక్కు వరకూ వచ్చి ఆగింది. ఆవిడ అలవాటు కొద్దీ ఆ ముక్కు మీద చెయ్యి వేసింది, ఈసారి తీసుకోవడానికి ఏమీ లేకపోయినా. తర్వాత ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళి తోక చూపించింది. తోక చివర, చిన్న రెక్కలు ఉండాల్సిన చోట, కాన్వాసు టోపీ తొడిగి తాడుతో కట్టి ఉంది.

"ఇక్కడి గేర్‌బాక్స్ విప్పింది నేను. లోపల కొత్త కట్టు కట్టి మా వాడి హెలికాప్టర్‌కు బిగించింది నేను. నువ్వూ ఉన్నావు ఆరోజు."

ఉన్నాడు. బాగా గుర్తుంది. తమ్ముడు కింద నిలబడి, అమ్మమ్మ నగ అక్కకు రావాలి గానీ నాకొచ్చిందేమిటని అందర్నీ నవ్వించాడు. అక్క నిచ్చెన మీద నుంచే వాడి మీదికి నూనె గుడ్డ విసిరింది. ఆ తర్వాత అమ్మమ్మ తోకకు ఇంకో గేర్‌బాక్స్ పెట్టలేదు. పెట్టడానికి లేదు కూడా. ఆవిడ చేత్తో లోపలి కట్టు కట్టి పంపినవాటిలో తిరిగి రానిది అదొక్కటే.

"అది కాలిపోయింది కదక్కా," అన్నాడాయన.

అక్కా అన్న మాట ఎన్నాళ్ళకు విన్నదో! అయినా పట్టు వదల్లేదు.

"కాలిందని ఎవరు చూశారు?"

"నేను పొగ చూశాను. పొగ అనే చెప్పాను. మంట అని వాళ్ళు రాసుకున్నారు." ఆయన తన తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మళ్ళీ వెళ్ళి సరిదిద్దమన్నాను కూడా. పొగ వేరు, మంట వేరా అని నవ్వారు. మీ అమ్మగారికి మొహం చూపించలేక మీ ఇంటికి రావడం మానేశాను. మా వాణ్ని నేను తక్కువచేసి చెప్పలేదక్కా. ఒట్టు."

ఆవిడకు ఆయన మీద ఇన్నేళ్ళుగా పేరుకున్న కినుక ఆ ఒక్క మాటతో కరిగింది. నిజం చెప్పాలంటే కినుకకు కారణమేమిటో ఆవిడకే స్పష్టంగా తెలియదు. పద, ఇంకా చూడాల్సింది ఉంది అని మాత్రం అంది.

ఆ చూడాల్సింది ఏమిటో ఆవిడకు మూత ఎత్తిన క్షణం నుంచీ తెలుసు. చూడ్డానికే చేతులు రాలేదు. హెలికాప్టర్ కూలితే తోక రెక్కలు నేలకు కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ దెబ్బంతా లోపల గేరు పళ్ళ మీద పడుతుంది. పళ్ళు విరుగుతాయి, లేదా నెర్రెలిస్తాయి. పద్ధతిగా నేల మీద దించి, ఇంజను ఆపి, రెక్కలను మెల్లగా నిలిపితే పళ్ళకు ఏమీ కాదు. ఇందులో మూడో దారి లేదు. పళ్ళు విరిగి ఉంటే విచారణ పెద్దలు చెప్పిందే నిజం, తమ్ముడి పేరు ఇక ఎప్పటికీ లేవదు.

తనిఖీ గదిలో కమాండర్ స్వయంగా దీపం పట్టుకున్నాడు. ఆవిడ గ్రీజు తుడిచి, చూపుడువేలితో చక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పుతూ వచ్చింది. మొదటి పన్ను బాగుంది. తర్వాతదీ బాగుంది. సగం చక్రం వచ్చేసరికి ఆయన దీపం ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు. చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి పన్ను దగ్గరికి వచ్చింది. ఒక్కటంటే ఒక్క పన్ను చెక్కుచెదరలేదు. కింద చిన్న చక్రం కూడా తిప్పింది. అదీ అంతే.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"దింపాడు," అంది. "మబ్బులో, కొండల మధ్య, ఒంటరిగా, నా తమ్ముడు దాన్ని నేల మీద పెట్టాడు. గుడ్డు పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు."

ఆ గదిలో గర్వం అన్నది ఒక మనిషిలా వచ్చి నిలబడితే, ఆవిడ లేచి దానికి తన స్టూలు ఇచ్చి ఉండేది. నా పని విరగదు అని ఆరోజు అన్న మాటకు ఇన్నేళ్ళూ లోపల కుమిలిపోయింది. ఇవాళ ఆ మాట నిలిచింది, దానితోపాటు తమ్ముడూ నిలిచాడు. ఒకరు నిలబడాలంటే ఇంకొకరు పడిపోవాలన్న ఆ దిక్కుమాలిన లెక్క తప్పని తేలింది.

మరి ఎందుకు దించాల్సి వచ్చింది? దానికి జవాబు దొరికింది కమాండర్‌కు. మూతను తిరగేసి లోపలివైపు వేలితో తడుముతూ ఒకచోట ఆగాడు. బయటివైపు రంగు నున్నగా ఉంది. లోపలివైపు మాత్రం బొటనవేలు పట్టేంత చోట లోహం ఉబ్బి, ఎవరో కరిగించి పూడ్చిన మరక ఉంది. ఇలాంటివి ఆయన చాలా చూశాడు.

"తూటా," అన్నాడు. "కింది నుంచి కొట్టారు. తోకకు తగిలింది. నేను చూసిన పొగ దానిదే అయ్యుంటుంది. తోక పోతే హెలికాప్టర్ బొంగరంలా తిరిగిపోతుంది. అంతదాకా రానివ్వకుండా దింపాడు. అక్కా, ఆరోజు వాడి చోట నేనున్నా ఆ పని చేయగలిగేవాణ్ని కాదు."

పైలట్‌ను పైలట్ మెచ్చుకోవడం అంత తేలిగ్గా జరిగేది కాదు. ఆవిడ ఆ మాటను జాగ్రత్తగా దాచుకుంది, ఇంటికెళ్ళి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పడానికి. అయినా అంతవరకూ ఆగలేకపోయింది. అక్కడికక్కడే ఫోన్ చేసింది. అమ్మా, తమ్ముడు కూలిపోలేదు, దింపాడు, రుజువు నా ముందే ఉంది అని గబగబా చెప్పేసింది.

"ఇన్నాళ్ళకు తెలిసిందా మీ ఆఫీసుకి?" అంది అమ్మ. "నా కొడుక్కి దిగడం రాదని నేనెప్పుడైనా అన్నానా?"

తర్వాత, పక్కన ఎవరున్నారని అడిగింది. ఆవిడ చెప్పింది. ఆ అబ్బాయిని రాత్రికి భోజనానికి రమ్మను, కూర ఎక్కువ వండుతానంది. ఈ కబురు విని కమాండర్ గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఇటు తిరిగేసరికి మళ్ళీ కమాండర్ అయ్యాడు. పై అధికారులకు ఈరోజే చెప్తానన్నాడు, విచారణ తిరగదోడిస్తానన్నాడు, దళారికి ఇది ఎక్కడ దొరికిందో కూపీ లాగిస్తానన్నాడు. తూటా కొట్టినవాళ్ళు అవతలి గడ్డ మీద దిగినవాణ్ని బతకనిచ్చి ఉండరు కాబట్టి, అన్నిటికన్నా ముందు వరండా గోడ మీద చోటు చేయిస్తానన్నాడు.

"మంచి ఫోటో ఒకటి తీసి పెట్టక్కా. నవ్వుతూ ఉన్నది."

ఆవిడ తలూపింది. ఏ ఫోటోనో అప్పుడే అనుకుంది కూడా. హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెంపకు నూనె మరకతో ఉన్నది. రేపట్నుంచి క్యాంటీన్‌కు వరండా మీదుగానే వెళ్తాను, అటు వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూస్తాను అనుకుంది. గేర్‌బాక్స్‌ను భద్రం చేసే ముందు మిగిలిన గ్రీజు తుడిచేద్దామని గుడ్డ తీసుకుని, గేరు చక్రం కిందికి చెయ్యి పోనిచ్చింది, ఇందాక కనబడని ఆ మూడో జత దగ్గరికి.

చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాగి చూసుకుంటే వేలి చివర నెత్తుటి బొట్టు.

ఆవిడ కట్టిన కట్టు పదకొండేళ్ళకైనా, వందేళ్ళకైనా ఎవరికీ గుచ్చుకోదు. ఆవిడ దీపం లాక్కుని, చక్రాన్ని పక్కకు తిప్పి, గ్రీజు తుడిచింది. మూడో జతకు ఉక్కు తీగ లేదు. తూటా దాన్ని తెంపుకుపోయింది. దాని చోట రాగి తీగ ఉంది, ఏ కరెంటు వైరు నుంచో పై తొడుగు ఒలిచి తీసిన రాగి తీగ. ఏ వర్క్‌షాపులోనూ ఎవరూ వాడనిది. నేల మీద కూర్చుని, ఉన్నదానితో గేర్‌బాక్స్ బాగుచేసుకుని, మళ్ళీ ఎగరాలనుకున్న మనిషి మాత్రమే వాడేది. మెలిక ఎడమకు పోయింది. కొస లోపలికి మడవలేదు.

"ఎన్నిసార్లు చెప్పాన్రా," అంది ఆవిడ, చాలా మెల్లగా.

"ఎవరితో అక్కా?"

ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని ఆ రాగి తీగనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెత్తుటి వేలినే ఆయనవైపు అడ్డంగా ఊపింది.

"ఫోటో వద్దు. ఆ గోడ పోయినవాళ్ళది."